ఇబ్రహీం ఫెర్రర్

ఇబ్రహీం ఫెర్రర్ (ఫిబ్రవరి 20, 1927 - ఆగష్టు 6, 2005) క్యూబా దేశానికి చెందిన సుప్రసిద్ధ గాయకుడు. సోన్, గ్వారాచా, బొలేరో అనే క్యూబా గాన రీతులలో ప్రావీణ్యం సంపాదించాడు. బ్యూనా విస్టా సోషల్ క్లబ్ అనే సంగీత బృందంలో సభ్యునిగా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. స్పానిష్, పోర్చుగీసు భాషలలో పాడే కళాకారుల కోసం లాటిన్ గ్రామీ పురస్కారాలు 2000 సంవత్సరంలో ప్రారంభమైనప్పుడు, ఉత్తమ నూతన కళాకారుడు అనే విభాగంలో మొట్టమొదటి బహుమతి ఇతనికే లభించింది. అప్పటికి ఇతని వయస్సు 73 సంవత్సరాలు. పాటను జీవనోపాధిగా ఎంచుకొని అప్పటికే దాదాపు ఆరు దశాబ్దాలు గడిచాయి. వర్ధమాన గాయకులకు ఉద్దేశించిన బహుమతి ఒక వృద్ధునికి ఎందుకు దక్కిందో తెలియాలంటే, ఆ ఆరు దశాబ్దాలలో ఇతని పేరు ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో తెలుసుకోవాలి.

బాల్యము

ఫెర్రర్ క్యూబా ద్వీపపు తూర్పు భాగంలో, సాంటియాగో డి క్యూబా నగరానికి సమీపంలోని సాన్ లూయిస్ పట్టణంలో జన్మించాడు. అక్కడి ఒక క్లబ్బులో నృత్య కార్యక్రమం జరుగుతుండగా తల్లికి నొప్పులు వచ్చి ఇతడు పుట్టాడని చెబుతారు. ఆ రోజులలో క్యూబాలో తెల్లవారికి, నల్లవారికి, మిశ్రమ జాతివారికి వేర్వేరు క్లబ్బులు ఉండేవి. నల్లజాతివారికి తమ క్లబ్బే పెళ్ళి పందిరి, నాటకశాల, కచేరీ వేదిక. ఇతని జీవితంలో క్లబ్బు అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది గనుక ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

పన్నెండవ ఏట తల్లి మరణించడంతో ఇతడు అనాథ అయ్యాడు. చదువు ఆగిపోయింది. వీధులలో చిరుతిళ్ళు అమ్ముతూ, పాటలు పాడుతూ పొట్టపోసుకున్నాడు. తరువాత దగ్గరి బంధువైన మరొక కుర్రవానితో కలిసి జోవెనెస్ డెల్ సోన్ అనే చిన్న బృందంగా ఏర్పడి, 1941 ప్రాంతం నుండి ఇళ్ళలో జరిగే వేడుకలలో పాడసాగాడు. బృందం పేరుకు సోన్ పాడే యువకులు అని అర్థం. సంగీతం ఇతనికి గురుముఖతః వచ్చిన విద్య కాదు, కూలిపని వలె పూట గడవడానికి పట్టుబడిన పని.

సోన్, బొలేరో

ఇతని వృత్తి జీవితం అర్థం కావాలంటే క్యూబా సంగీతం గురించి కొంత తెలియాలి. సోన్ క్యూబా తూర్పు ప్రాంతంలో పుట్టిన గాన రీతి. స్పెయిన్ దేశం నుండి వచ్చిన తంత్రీ వాద్యాలు, పద్య రచనా పద్ధతి ఒక వైపు, ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి తాళ వాద్యాలు మరొక వైపు కలిసి ఇది రూపొందింది. మూడు జంట తీగెలుండే ట్రెస్ అనే గిటారు, బొంగో అనే జంట డప్పులు, మరాకాస్ అనే గిలకలు, క్లావెస్ అనే రెండు కర్రముక్కలు దీనికి ముఖ్యం. ఆ రెండు కర్రముక్కలు కొట్టే తాళాన్ని అనుసరించే మిగిలినవారంతా నడవాలి.

సోన్ పాటలో రెండు భాగాలుంటాయి. మొదటిది పల్లవి, చరణాలతో సాగే కథాభాగం. రెండవది మోంటూనో. ఇందులో ప్రధాన గాయకుడు అప్పటికప్పుడు మాటలు కల్పించి పాడుతుంటే, వెనుకనున్నవారు ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడుతారు. మన బుర్రకథలో కథకుని పక్కన వంతలు ఉండే తీరు తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. వంతపాటగాడు లేనిదే పాట నిలవదు. అయితే జనం గుర్తుంచుకునేది కథకుని పేరునే.

బొలేరో ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఇది మందగతిలో సాగే ప్రణయ గీతం. స్పెయిన్ దేశంలో ఇదే పేరుతో ఉన్న నృత్యానికి, దీనికి తాళంలో పోలిక లేదు. క్యూబా బొలేరో 19వ శతాబ్దం చివరి భాగంలో సాంటియాగో నగరంలోనే, పెపె సాంచెజ్ వంటి గాయకుల చేతిలో పుట్టింది. బొలేరో పాడేవానికి బలమైన గొంతు, నిలువెత్తు విగ్రహం, వేదికపై ఠీవి ఉండాలని బృంద నాయకులు భావించేవారు. ఫెర్రర్ సన్నగా, పొట్టిగా ఉండేవాడు. గొంతులో మెత్తదనమే గాని గర్జన లేదు. ఈ కారణంగా వేగంగా సాగే సోన్, గ్వారాచా పాటలే ఇతనికి కేటాయించేవారు. బొలేరో పాడాలన్న కోరిక మాత్రం చిన్ననాటి నుండి చివరిదాకా ఇతనిని విడువలేదు.

సాంటియాగో బృందాలలో

1940లలోను, 1950ల ఆరంభంలోను ఇతడు కొంహుంటో సర్ప్రేసా, కొంహుంటో విల్సన్, మారవియా డి బెల్ట్రాన్ మొదలైన అనేక బృందాలలో పాడాడు. 1953లో పాచో అలోన్సో బృందంతో పరిచయం ఏర్పడింది. అదే దశకంలో, ఎలెక్టో రోసెల్ నడిపిన చెపీన్-చోవెన్ వాద్యబృందంతో కలిసి ఎల్ ప్లాటనాల్ డి బార్తోలో అనే పాటను రికార్డు చేశాడు. చెపీన్ అనేది రోసెల్ ముద్దుపేరు. బార్తోలో అరటి తోట అని ఆ పాట పేరుకు అర్థం. అది క్యూబా అంతటా మారుమ్రోగింది, కాని కీర్తి వాద్యబృందానికి వెళ్ళింది. పాడినవాని పేరు శ్రోతలకు చేరలేదు. ఆ కాలంలో ఇది ఒక్క ఫెర్రర్ కు జరిగిన అన్యాయం అనుకోరాదు. బృందం పేరుతో రికార్డు వెలువడడమే వాడుక, గాయకుడు బృందంలో జీతగాడు. అయినప్పటికీ నలభై ఏళ్ళ తరువాత ఇతనిని నూతన కళాకారుడుగా లెక్కించడానికి బీజం ఇక్కడే పడింది.

హవానా నగరం

1957లో ఇతడు రాజధాని హవానాకు చేరాడు. అక్కడ రిట్మో ఓరియెంటల్ బృందంతోను, ఆనాడు క్యూబాలో సాటిలేని గాయకుడుగా వెలుగుతున్న బెన్నీ మోరే తోను కలిసి పాడాడు. బెన్నీ మోరే వద్ద ఇతనిది వంత గాయకుని స్థానమే. అంతటి గాయకుని వెనుక నిలబడి పాడడం ఒక విధంగా పాఠశాల వంటిది.

1959లో విప్లవం విజయవంతమై ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వం ఏర్పడింది. పాచో అలోన్సో తన బృందాన్ని హవానాకు తరలించి, దానికి లాస్ బొకూకోస్ అని పేరు పెట్టాడు. సాంటియాగో ఉత్సవాలలో వాయించే బొకూ అనే డప్పు నుండి ఆ పేరు వచ్చింది. ఫెర్రర్ తిరిగి ఆ బృందంలోనే చేరి, పదవీ విరమణ వరకు అందులోనే కొనసాగాడు. 1962లో బృందం ఐరోపా యాత్రకు వెళ్ళి పారిస్, ప్రాగ్, మాస్కో నగరాలలో కచేరీలు చేసింది. ఆ యాత్ర సాగుతుండగానే క్యూబాలో రష్యా క్షిపణుల విషయమై అక్టోబరు సంక్షోభం తలెత్తింది. సముద్ర మార్గం దిగ్బంధమైనందున కళాకారులు వెంటనే ఇంటికి చేరలేక సోవియట్ దేశంలో నిలిచిపోవలసి వచ్చింది.

1967లో పాచో అలోన్సో విడిపోయి మరొక బృందం పెట్టుకున్నాడు. లాస్ బొకూకోస్ రొబెర్టో కొర్రేరా ఆధ్వర్యంలో సాగింది. అక్కడ ఫెర్రర్ కు ముందుకంటే ఎక్కువగా ప్రధాన గాయకుని పాత్ర లభించింది. కొన్ని రికార్డులు కూడా వచ్చాయి. అయితే అవన్నీ దేశం వెలుపల దాదాపు ఎవరికీ తెలియనివి. అమెరికా విధించిన ఆర్థిక ఆంక్షల వలన క్యూబా రికార్డులకు పెద్ద విపణి మూసుకుపోయింది. దేశం లోపల యువతరం కొత్త పాటల వైపు మళ్ళింది. 1991లో ఫెర్రర్ సంగీతం నుండి విరమించుకున్నాడు.

విశ్రాంత జీవితము

అదే సంవత్సరం సోవియట్ యూనియన్ కూలిపోయింది. దానిపైనే ఆధారపడిన క్యూబా ఆర్థిక వ్యవస్థ రెండు మూడేళ్ళలో సుమారు మూడవ వంతు కుంచించుకుపోయింది. చమురు లేక బస్సులు ఆగాయి, విద్యుత్తు గంటల తరబడి ఉండేది కాదు, రేషను సరుకులు తగ్గిపోయాయి. ఈ గడ్డుకాలాన్ని ప్రభుత్వమే ప్రత్యేక కాలం అని పిలిచింది. కరెన్సీ విలువ పడిపోవడంతో పింఛనుదారులు అందరికంటే ఎక్కువ నలిగిపోయారు. చేతికి వచ్చే మొత్తం మారలేదు, దానితో కొనగలిగినది మాత్రం నానాటికీ తగ్గింది.

ఫెర్రర్ పాత హవానాలో ఒక చిన్న ఇంటిలో భార్య కరిదాద్ డియాజ్ తోను, కుటుంబంతోను నివసించేవాడు. పింఛను చాలక బూట్లు పాలిష్ చేసి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. దేశమంతా పాడుకున్న పాటను రికార్డు చేసిన గొంతు ఇతనిదని, బూట్లు తుడిపించుకున్నవారిలో ఎందరికి తెలిసి ఉంటుంది? సంగీతం పట్ల ఇతనికి విరక్తి కలిగింది. ఇక పాడనవసరం లేదనే నిశ్చయానికి వచ్చాడు.

1996 మార్చి నెల

లండన్ నగరంలోని వరల్డ్ సర్క్యూట్ అనే రికార్డు సంస్థ అధిపతి నిక్ గోల్డ్ 1996లో హవానాలో రెండు రికార్డులు తలపెట్టాడు. మొదటిది పాత తరం క్యూబా గాయకులతో, కొత్త తరం వాద్యకారులతో కూడిన పెద్ద బృందం రికార్డు. దీని నిర్వాహకుడు హువాన్ డి మార్కోస్ గొంజాలెజ్. రెండవది పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశపు వాద్యకారులను క్యూబా వాద్యకారులతో కలిపే ప్రయత్నం. ఇందుకోసం అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడర్ ను పిలిపించాడు. కూడర్ ఆంక్షల కారణంగా మెక్సికో మీదుగా హవానా చేరాడు. మాలీ కళాకారులకు ప్రయాణ పత్రాల చిక్కు వచ్చి వారు రాలేకపోయారు. స్టూడియో అద్దెకు తీసుకోబడి ఉంది, వాద్యకారులు నగరంలో ఉన్నారు. అప్పుడు పూర్తిగా క్యూబా సంగీతంతోనే రెండవ రికార్డు చేయాలని నిర్ణయించారు. ప్రపంచ సంగీత చరిత్రలో ప్రయాణ పత్రాలు అందకపోవడం వలన మేలు జరిగిన సందర్భాలు అరుదు, ఇది వాటిలో ఒకటి.

మొదటి రికార్డులోని కొన్ని పాటలకు సాంటియాగో యాస గల సోన్ గాయకుడు కావలసి వచ్చింది. హువాన్ డి మార్కోస్ వెదుకుతూ వెళ్ళి వీధిలో ఫెర్రర్ ను పట్టుకున్నాడు. ఫెర్రర్ మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్న తరువాత కూడా స్నానం చేసి బట్టలు మార్చుకొని వస్తానన్నా వినకుండా ఉన్నపళంగా తీసుకువెళ్ళారని చెబుతారు. ఆ స్టూడియో మధ్య హవానాలోని సాన్ మిగ్యెల్ వీధిలో, ప్రభుత్వ రికార్డు సంస్థ అయిన ఎగ్రెమ్ కు చెందినది. 1940లలో కట్టిన చెక్క గోడల పాత గది. అక్కడ పియానో వద్ద రూబెన్ గొంజాలెజ్ కూర్చొని ఉన్నాడు. ఆయన కూడా ఇంటిలో పియానో లేక, కీళ్ళవాతంతో బాధపడుతూ సంగీతానికి దూరమైనవాడే. ఇద్దరూ పాత పరిచయస్థులు. రూబెన్ వాయించిన బాణీకి ఫెర్రర్ దోస్ గార్దేనియాస్ అనే బొలేరో అందుకున్నాడు. ఇది ఇసొలినా కరిల్లో అనే రచయిత్రి కూర్చిన ప్రసిద్ధ గీతం. కూడర్ ఆ గొంతు విని, ఆ పాటను రికార్డులో చేర్చాలని కోరాడు.

ఈ ఘట్టం చాలా చోట్ల అద్భుత కథ వలె వర్ణింపబడింది. విదేశీ విద్వాంసుడు వచ్చి మరుగున పడిన మాణిక్యాన్ని వెలికితీశాడని వ్రాసినవారు ఎక్కువ. ఇది సగం నిజం మాత్రమే. ఎవరు ఎక్కడ ఉన్నారో ఎరిగి, ఇంటింటికీ తిరిగి వృద్ధ కళాకారులను ఒకచోట చేర్చినది హువాన్ డి మార్కోస్. కూడర్ చేసిన పని మరొకటి, అది కూడా చిన్నది కాదు. బొలేరోకు పనికిరాదని నలభై ఏళ్ళుగా పక్కన పెట్టిన ఆ మెత్తని గొంతును బొలేరో కోసమే ఎంచుకున్నాడు. పెద్ద గొంతులకు అలవాటుపడిన క్యూబా బృంద నాయకులకు లోపంగా కనిపించినది, మైకు దగ్గరగా పెట్టి వినే చెవికి గుణంగా వినిపించింది.

బ్యూనా విస్టా సోషల్ క్లబ్

రెండవ రికార్డు ఆరు రోజులలో పూర్తయింది. దానికి బ్యూనా విస్టా సోషల్ క్లబ్ అని పేరు పెట్టారు. ఇది హవానా శివార్లలో ఒకప్పుడు నల్లజాతివారు నడుపుకున్న క్లబ్బు పేరు. విప్లవం తరువాత అటువంటి క్లబ్బులన్నీ మూతబడ్డాయి. రికార్డు చేసేనాటికి ఆ క్లబ్బు ఎక్కడ ఉండేదో చెప్పడానికి కూడా స్థానికులు తడుముకోవలసి వచ్చింది.

ఈ రికార్డులో ఫెర్రర్ పాడిన పాటలలో దోస్ గార్దేనియాస్, కండేలా, ముర్ముయో చెప్పుకోదగినవి. డి కామినో ఎ లా వెరేదా అనే పాట స్వయంగా ఇతని రచన. ముర్ముయో అనే బొలేరోను కూర్చినది ఎలెక్టో రోసెల్. 1950లలో ఎవరి బృందంలో తన పేరు వినిపించలేదో, ఆ నాయకుని బొలేరోనే ఫెర్రర్ ఇప్పుడు తన పేరుతో పాడాడు. కాంపాయ్ సెగుండో, ఎలియాదెస్ ఒచోవా, గాయని ఓమారా పోర్టువాండో ఇందులోని ఇతర ముఖ్యులు. 1997లో విడుదలైన ఈ రికార్డు మరుసటి సంవత్సరం గ్రామీ పురస్కారం పొందింది. ప్రపంచవ్యాప్తంగా ఎనభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 2022లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దీనిని తన జాతీయ రికార్డుల పట్టికలో చేర్చింది.

1998 ఏప్రిల్ నెలలో ఆంస్టర్ డాం నగరంలోను, జులై 1న న్యూయార్క్ లోని కార్నెగీ హాలులోను బృందం కచేరీలు చేసింది. జర్మనీ దర్శకుడు విమ్ వెండర్స్ వీటిని చిత్రీకరించి, హవానాలోని కళాకారుల ఇళ్ళ దృశ్యాలతో జతచేసి 1999లో చలనచిత్రంగా విడుదల చేశాడు. అది ఆస్కార్ పురస్కారానికి ప్రతిపాదించబడింది. ఓమారాతో కలిసి ఫెర్రర్ సిలెన్సియో అనే బొలేరో పాడుతూ, ఆమె కంటినీరు తుడిచే దృశ్యం ఈ చిత్రం చూసినవారికి చిరకాలం గుర్తుండిపోయింది. మొదటిసారి న్యూయార్క్ వీధులలో నడుస్తూ, దుకాణాల అద్దాలలోని బొమ్మలను ఈ వృద్ధులు చిన్నపిల్లల వలె చూసే దృశ్యాలు కూడా ఇందులో ఉన్నాయి.

ఇతని ఇంటిలో పునీత లాజరు ప్రతిమ ఉండేది. ఆఫ్రికా దేవతారాధన, కథోలిక మతం కలిసిన సాంతెరియా సంప్రదాయంలో ఈ పునీతుడే రోగాలను మాన్పే బబాలు అయే అనే దేవత కూడా. ఫెర్రర్ ఆ ప్రతిమ ముందు పూలు, అత్తరు, రమ్ము నైవేద్యంగా ఉంచేవాడు. తల్లి ఇచ్చిన చేతికర్రను ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకునేవాడు. నెత్తిన చదునైన టోపీ ఇతని గుర్తుగా నిలిచిపోయింది.

నూతన కళాకారుడు

1999లో కూడర్ నిర్మాణంలో ఫెర్రర్ పేరుతోనే ప్రత్యేకంగా ఒక ఆల్బం వెలువడింది. ముఖచిత్రంపై తన పేరుతో ప్రపంచమంతటా విడుదలైన రికార్డు ఇతనికి ఇదే మొదటిది. పెద్ద తంత్రీ వాద్యబృందం తోడుగా బొలేరోలు, మరొక వైపు అర్సేనియో రొడ్రిగేజ్ కూర్చిన బ్రూకా మనిగ్వా వంటి తాళ ప్రధానమైన పాటలు ఇందులో ఉన్నాయి.

లాటిన్ గ్రామీ పురస్కారాలను ఇచ్చే లాటిన్ రికార్డింగ్ అకాడమీ 1997లో ఏర్పడింది. అప్పటికే ఉన్న గ్రామీ పురస్కారాలలో స్పానిష్, పోర్చుగీసు పాటలకు ఏవో కొన్ని విభాగాలు మాత్రమే ఉండేవి. ఆ భాషలలోని విస్తారమైన సంగీతానికి అవి చాలవని ఈ ప్రత్యేక పురస్కారాలు నెలకొల్పారు. మొదటి ఉత్సవాన్ని మియామీ నగరంలో జరపాలనే ఆలోచన ఉండేది. అయితే క్యూబాతో వ్యవహారాలు నడిపేవారితో లావాదేవీలు చేయరాదని ఆ కౌంటీ ఒక నిబంధన పెట్టుకున్నది. క్యూబా నుండి వలస వచ్చి, కాస్ట్రో ప్రభుత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించే కుటుంబాలకు మియామీ నిలయం. క్యూబా కళాకారులు వస్తే నిరసనలు తప్పవు. చివరకు ఉత్సవం 2000 సెప్టెంబరు 13న లాస్ ఏంజెలెస్ నగరంలో జరిగింది. ఫెర్రర్ బహుమతి పొందినది ఆ ఉత్సవంలోనే.

73 ఏళ్ళ వృద్ధుని నూతన కళాకారుడు అనడం ఆనాడు కొందరికి వినోదం కలిగించింది. అకాడమీ నియమాల ప్రకారం ఈ విభాగానికి వయస్సుతో గాని, పాడిన సంవత్సరాలతో గాని పని లేదు. ఒక కళాకారుని ప్రజలకు తెలియజేసిన తొలి రికార్డు ఆ సంవత్సరపు గడువులో వెలువడి ఉండాలి. ఈ కొలబద్దతో చూస్తే ఫెర్రర్ అర్హతకు ఏ లోటూ లేదు. కాని ఎవరికి తెలియాలి అనే ప్రశ్న మిగులుతుంది. సాంటియాగోలో 1950లలోనే ఆ గొంతు ఇంటింటా వినిపించింది. పేరు వ్రాయనందున, సముద్రం దాటనందున అది లెక్కకు రాలేదు. ఇతనిని గౌరవించిన ఆ బిరుదులోనే, అంతకుముందు గడిచిన జీవితం కొట్టివేయబడింది కూడా. ఫెర్రర్ మాత్రం దీనిని అవమానంగా తీసుకోలేదు. ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషించి, ఎప్పటి వలె కచేరీలు చేసుకుంటూ పోయాడు.

తరువాతి సంవత్సరాలలో ఈ బహుమతి ఎక్కువగా యువతకే దక్కింది. 2001లో కొలంబియాకు చెందిన హువానెస్, 2004లో పోర్చుగీసు భాషలో పాడే బ్రెజిల్ గాయని మరియా రీటా, 2018లో కరోల్ జి దీనిని పొందారు. 2022లో మాత్రం ఫెర్రర్ ఉదంతం పునరావృతమైంది. ఆ సంవత్సరం మెక్సికో యువ గాయని సిల్వానా ఎస్ట్రాడాతో సమానంగా ఏంజెలా అల్వారెజ్ బహుమతి పంచుకున్నది. ఆమె కూడా క్యూబాలోనే, ఫెర్రర్ పుట్టిన 1927లోనే జన్మించింది. విప్లవం తరువాత అమెరికాకు వలస వెళ్ళి, తాను వ్రాసుకున్న పాటలను దశాబ్దాల పాటు ఇంటిలోనే పాడుకున్నది. సంగీతకారుడైన మనుమడు వాటిని 2021లో ఆల్బంగా తీసుకువచ్చాడు. బహుమతి నాటికి ఆమెకు 95 ఏళ్ళు. ఆమె 2024 డిసెంబరులో మరణించింది. ఒకరు విప్లవం తరువాత దేశంలో ఉండిపోయారు, మరొకరు దేశం విడిచారు. ఇద్దరినీ ప్రపంచం గుర్తించడానికి పట్టిన కాలం ఇంచుమించు ఒక జీవితకాలమే.

నిరాకరించబడిన వీసా

ఫెర్రర్ 2001లో గొరిల్లాజ్ అనే బ్రిటిష్ బృందం తొలి ఆల్బంలో ఒక పాట పాడాడు. 2003లో ఇతని రెండవ ఆల్బం బ్యూనోస్ ఎర్మానోస్ విడుదలైంది. మంచి సోదరులు అని ఈ పేరుకు అర్థం. ఇందులో క్యూబా పియానో విద్వాంసుడు చూచో వాల్డెస్, అమెరికా నల్లజాతి భక్తిగీత బృందమైన బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా, అకార్డియన్ వాద్యకారుడు ఫ్లాకో హిమెనెజ్ పాల్గొన్నారు.

ఈ రికార్డు వెనుక కూడా రాజకీయం ఉన్నది. అంతకుముందు అనుమతి లేకుండా క్యూబాలో పనిచేసినందుకు కూడర్ పై అమెరికా ప్రభుత్వం 25,000 డాలర్ల జరిమానా విధించింది. అధ్యక్షుడు క్లింటన్ పదవీకాలం చివరిలో లభించిన ప్రత్యేక మినహాయింపుతో ఆయన మరల హవానా వెళ్ళి ఈ పని పూర్తిచేశాడు. 2004 ఫిబ్రవరి 8న బ్యూనోస్ ఎర్మానోస్ కు గ్రామీ పురస్కారం లభించింది, కాని దానిని అందుకోవడానికి ఫెర్రర్ వెళ్ళలేకపోయాడు. అమెరికా ప్రయోజనాలకు భంగం కలిగించేవారి ప్రవేశాన్ని ఆపే చట్ట నిబంధన క్రింద ఇతనికి, మరికొందరు క్యూబా కళాకారులకు వీసా నిరాకరించారు. అప్పటికి ఇతనికి 77 ఏళ్ళు నిండడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. ఒక చేతితో బహుమతి ఇచ్చిన దేశం మరొక చేతితో తలుపు మూసింది. బొలేరోలు పాడే వృద్ధుని వలన అంత పెద్ద రాజ్యానికి ఏ ముప్పు వాటిల్లుతుందో ఆ ఉత్తర్వు వ్రాసినవారికే తెలియాలి.

చివరి రోజులు

పెద్ద వయస్సులో వచ్చిన సంపదతో ఫెర్రర్ హవానాలోనే మెరుగైన ఇంటికి మారాడు గాని దేశం విడిచి వెళ్ళలేదు. ఇతనికి ఆరుగురు సంతానం, పలువురు మనుమలు ఉన్నారు. తోటివారు ఒక్కొక్కరే రాలిపోసాగారు. కాంపాయ్ సెగుండో 2003 జులైలో 95వ ఏట, రూబెన్ గొంజాలెజ్ అదే సంవత్సరం డిసెంబరులో 84వ ఏట మరణించారు.

పూర్తిగా బొలేరోలతోనే ఒక ఆల్బం చేయాలన్నది ఫెర్రర్ చిరకాల వాంఛ. యువ పియానో విద్వాంసుడు రొబెర్టో ఫొన్సేకా, బాస్ వాద్యకారుడు కచాయితో లోపెజ్, గిటారు వాద్యకారుడు మాన్యువెల్ గల్బాన్ లతో కలిసి ఆ పని ప్రారంభించాడు. ఆ పాటలనే 2005 వేసవిలో ఐరోపా యాత్రలో పాడి హవానా చేరాడు. ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే జీర్ణకోశ వ్యాధితో ఆసుపత్రిలో చేరి, శరీరంలోని పలు అవయవాలు విఫలమై 2005 ఆగష్టు 6న మరణించాడు. అప్పటికి వయస్సు 78. హవానాలోని కొలోన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

బొలేరోల ఆల్బం ఇతని మరణానంతరం 2006లో మి సుఎన్యో పేరుతో వెలువడింది. నా స్వప్నం అని దాని అర్థం. కొన్ని పాటలు అభ్యాసం కోసం పాడుకున్న రికార్డింగుల నుండి తీసుకొని, వాద్యకారులు తరువాత పూర్తిచేశారు. గొంతులో వయస్సు తెలుస్తుంది, కొన్నిచోట్ల ఊపిరి కూడా వినబడుతుంది. అయినా ఇతని రికార్డులలో మొదట వినదగినది ఇదేనని చెప్పవచ్చు. ఓమారాతో కలిసి పాడిన కిసాస్, కిసాస్ ఇందులో ఉన్నది.

ఈ బృందం కథ ఆధారంగా, కొంత కల్పన జోడించి, బ్యూనా విస్టా సోషల్ క్లబ్ పేరుతో ఒక సంగీత నాటకం 2025 మార్చిలో న్యూయార్క్ లోని బ్రాడ్వే రంగస్థలంపై మొదలైంది. అందులో యువ ఇబ్రహీం, వృద్ధ ఇబ్రహీం అని రెండు పాత్రలున్నాయి, ఇద్దరు వేర్వేరు నటులు వాటిని ధరిస్తారు.